సంధి పత్రంలో గడువుల పేజీ

1919లో జర్మనీతో కుదిరిన వెర్సాయ్ సంధి గురించి తెలుగులో ఏ పాఠ్యపుస్తకం తెరిచినా, ఏ పోటీ పరీక్షల గైడు తిరగేసినా ఒకటే వరస కనబడుతుంది. షరతులు అవమానకరం, జర్మనీకి కడుపుమంట, అందులోంచి హిట్లర్, ఆ వెనకే రెండో ప్రపంచయుద్ధం. నాలుగు మార్కుల జవాబుకి ఇది సరిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కుదిరిన సంధులను అసలు పాఠంతో, తేదీలతో పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఈ వరస నిలబడదు.

కఠినత్వమే చెడగొట్టే మాటయితే, యుద్ధంలో ఓడిన ఫ్రాన్స్ జర్మనీతో చేసుకున్న 1871 ఫ్రాంక్‌ఫర్ట్ సంధి చూడండి. ఫ్రాన్స్ బెల్ఫోర్ట్ ప్రాంతం తప్ప ఆల్సేస్ అంతటినీ లొరేన్‌లో ఒక భాగాన్నీ వదులుకుంది, 500 కోట్ల ఫ్రాంకులు కట్టింది, కట్టేదాకా తన నేల మీద జర్మన్ సైన్యాన్ని భరించింది. పగ మిగిలింది, నిజమే. కానీ డబ్బు మొత్తం గడువు కన్నా ముందే చేరింది, సైన్యం వెళ్లిపోయింది, తర్వాత 40 ఏళ్లకు పైగా ఆ సరిహద్దు మీద యుద్ధం లేదు. కఠినత్వంలో వెర్సాయ్‌కి తీసిపోని ఆ పత్రం పనిచేసింది, వెర్సాయ్ చేయలేదు. తేడా ఎక్కడుంది?

షరతు ఎంత బరువన్నది రెండో ప్రశ్న అని నా వాదన. మొదటి ప్రశ్న, ఆ షరతు పక్కన ఏం రాసి ఉందన్నది: ఎప్పటిలోగా, ఎవరు లెక్కపెడతారు, జరగకపోతే ఎవరి చేతిలో ఏముంది. ఈ మూడూ ఒకే వాక్యంలో ఉన్న చోట సంధి నడిచింది. మూడూ వేరువేరు పేజీల్లోకి, వేరువేరు దేశాల చేతుల్లోకి పోయిన చోట కాగితంగా మిగిలింది.

ముందు ప్రతిపాదనల సంగతి. యుద్ధం నడుస్తుండగానే శాంతి మాటలు చాలా వచ్చాయి. 1916 డిసెంబర్ 12న జర్మనీ ఒక లేఖ పంపింది, అందులో షరతు ఒక్కటి కూడా లేదు. 1917 జూలై 19న జర్మన్ పార్లమెంటు ఆక్రమణలు లేని శాంతి కావాలని తీర్మానించింది, సైన్యాధికారులు లెక్కచేయలేదు. 1917 ఆగస్టు 1 తేదీతో పోప్ బెనెడిక్ట్ 15 పంపిన పత్రం వీటన్నిటికన్నా నిర్దిష్టంగా ఉంది, బెల్జియం ఖాళీ చేయడం దగ్గర్నుంచి పరస్పరం పరిహారాల మాఫీ దాకా. దానికీ పట్టిన గతి అదే. యుద్ధం ఇంకా గెలవొచ్చనుకునేవాడికి శాంతి ప్రతిపాదన ప్రచార పత్రంలాగే కనిపిస్తుంది. కాబట్టి వీటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ఆగాల్సింది 1918 జనవరి 8న అమెరికా అధ్యక్షుడు విల్సన్ చెప్పిన 14 సూత్రాల దగ్గర. అవి గొప్ప ఆదర్శాలని కాదు. చివరికి అవే బయానా పత్రం అయ్యాయి కాబట్టి. అక్టోబర్ మొదటి వారంలో జర్మనీ ఛాన్సలర్ ప్రిన్స్ మాక్స్ ప్రభుత్వం నేరుగా విల్సన్‌కి రాసింది, ఆ సూత్రాల మీద శాంతికి ఒప్పుకుంటామని. నెల రోజుల ఉత్తర ప్రత్యుత్తరాల తర్వాత నవంబర్ 5న వాషింగ్టన్ ఇచ్చిన జవాబులో మిత్రరాజ్యాల తరఫున రెండే మినహాయింపులున్నాయి. ఒకటి, సముద్రాల మీద స్వేచ్ఛ అన్న సూత్రానికి తాము కట్టుబడటం లేదు. రెండోది, ఆక్రమించిన ప్రాంతాలను పునరుద్ధరించడమంటే, నేల మీదా నీటి మీదా ఆకాశం నుంచీ జర్మనీ దాడి వల్ల మిత్రరాజ్యాల పౌరులకూ వారి ఆస్తులకూ జరిగిన నష్టమంతటికీ పరిహారం.

రెండో మినహాయింపులో "పౌరులకు" అన్న మాట గుర్తుంచుకోండి. ఆ ఒక్క మాట మీద తర్వాత ఏళ్ల తరబడి తగువు నడిచింది. ఆ మాట ప్రకారం కూలిన ఇళ్లు, ముంచిన గనులు, మునిగిన సరుకు ఓడలు లెక్కలోకి వస్తాయి. ఫిరంగుల ఖర్చు రాదు. అలా చూస్తే ఫ్రాన్స్, బెల్జియంలకు ఎక్కువ, తన నేల మీద యుద్ధం జరగని బ్రిటన్‌కి తక్కువ. అందుకని 1919 మార్చి 31న దక్షిణాఫ్రికా ప్రతినిధి స్మట్స్ ఒక నోటు రాశాడు. సైనికుడి భార్యకిచ్చే భత్యం, వితంతువు పింఛను కూడా పౌరుల నష్టమేనట, ఎందుకంటే యుద్ధం అయ్యాక సైనికుడూ పౌరుడే కదా! విల్సన్ తన న్యాయ సలహాదారుల మాట కాదని దీనికి ఒప్పుకున్నాడు. పద్దు పెద్దదయింది. జర్మనీ కట్టేది ఎలాగూ దాని స్తోమతను బట్టే కాబట్టి, ఆచరణలో ఈ చేర్పు పనిచేసింది గెలిచినవాళ్ల వాటాలు మార్చడానికే. కానీ మాట ఇచ్చి అర్థం మార్చారన్న ఆరోపణకు మాత్రం ఆధారం దొరికింది. ఈ ఆరోపణ విషయంలో నేను జర్మనీ వైపే.

ఇక యుద్ధవిరామ పత్రం. సంధి రాసేవాళ్లు కళ్లకద్దుకుని చదవాల్సిన పత్రం నా దృష్టిలో ఇదే. 1918 నవంబర్ 11 తెల్లవారుజామున కోంపియెన్ అడవిలో ఒక రైలు పెట్టెలో సంతకాలయ్యాయి, ఉదయం 11 గంటలకు తుపాకులు ఆగాయి. ఇందులో ఆదర్శాలు ఏమీ లేవు, అంకెలున్నాయి. 5,000 ఫిరంగులు, అందులో సగం భారీవి. 25,000 మెషిన్‌గన్లు, 3,000 మోర్టార్లు, 1,700 విమానాలు, 5,000 రైలు ఇంజన్లు, 1,50,000 వ్యాగన్లు, 5,000 లారీలు. బెల్జియం, ఫ్రాన్స్, ఆల్సేస్-లొరేన్, లక్సెంబర్గ్ 15 రోజుల్లో ఖాళీ. తర్వాత రైన్ నది ఎడమ గట్టు మొత్తం. కుడి గట్టున మైంజ్, కోబ్లెంజ్, కొలోన్ వంతెనల అవతల 30 కిలోమీటర్ల వ్యాసార్ధంలో మిత్రసేనలు.

ఈ జాబితాలో ఫిరంగుల కన్నా రైలు ఇంజన్లే కీలకం. అప్పటి సైన్యం పట్టాల మీద బతికేది. ఫిరంగి పోతే మరోటి పోయొచ్చు. ఇంజన్లూ వ్యాగన్లూ పోతే ఉన్న ఫిరంగిని కూడా సరిహద్దుకి చేర్చలేరు, దానికి గుండ్లు అందించలేరు. మిత్రసేనల అధిపతి మార్షల్ ఫోష్ అడిగింది ఆయుధాలకన్నా ముందు కాళ్లు. ఇంకో చిన్న విషయం. మొదటి ముసాయిదాలో మెషిన్‌గన్లు 30,000, విమానాలు 2,000, లారీలు 10,000. సొంత దేశంలో తిరుగుబాటు అణచడానికి కొన్నయినా ఉండాలనీ, అన్ని విమానాలు తమ దగ్గర లేవనీ జర్మన్ ప్రతినిధులు చెబితే తగ్గించారు. సాధ్యం కాని అంకె పత్రంలో ఉంటే మొదటి రోజే ఉల్లంఘన మొదలవుతుంది, ఆ తర్వాత ఏది కావాలని చేసిన ఉల్లంఘనో ఏది చేతకాక జరిగిందో తేల్చలేం. దాన్ని ముందే సరిదిద్దుకున్నారు.

అసలు తెలివి కాలపరిమితిలో ఉంది. ఈ విరామం మొదట 36 రోజులకే. డిసెంబర్ 13న, జనవరి 16న, ఫిబ్రవరి 16న పొడిగించారు, ప్రతిసారీ కొత్త షరతు కలిపి. రైలు సామగ్రి అప్పగింతలో ఆలస్యానికి జరిమానాగా ఇంకో 500 ఇంజన్లు, 19,000 వ్యాగన్లు అడిగి, జనవరిలో వాటి బదులు వ్యవసాయ యంత్రాలు తీసుకున్నారు. అంటే బాకీ ఉంది, వాయిదా ఉంది, వాయిదా తప్పితే పడే జరిమానా ఉంది, వసూలు చేసేవాడు నది గట్టునే కూర్చుని ఉన్నాడు. ఈ పత్రం పనిచేసిందంటే ఆశ్చర్యమేముంది?

ఇందులో ఒక క్రూరమైన వాక్యం కూడా ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. 26వ అధికరణం ప్రకారం నౌకా దిగ్బంధం కొనసాగుతుంది. ఆహారం అందించే సంగతి ఆలోచిస్తామని ఒక ముక్క కలిపారు, ఆలోచన మార్చి దాకా సాగింది. 1919 మార్చి 14న బ్రస్సెల్స్‌లో ఒప్పందం కుదిరింది. జర్మనీ తన వాణిజ్య నౌకలు అప్పగించాలి, ధర బంగారంలో కట్టాలి, బదులుగా నెలకు 3,00,000 టన్నుల ధాన్యం, 70,000 టన్నుల కొవ్వు పదార్థాలు. బంగారం పరిహారాలకు దాచాలని ఫ్రాన్స్, ఓడలు ఇస్తే మళ్లీ రావని జర్మనీ, మధ్యలో నాలుగు నెలలు పోయాయి. దిగ్బంధం పూర్తిగా ఎత్తేసింది జూలై 12న, జర్మనీ సంధిని ధ్రువీకరించిన తర్వాతే. పట్టు చేతిలో ఉండాలని ఇంతకుముందు రాసిన మాటకి రెండో వైపు ఇది. పట్టు ఆకలి రూపంలో ఉంటే దాని బరువు సంతకం పెట్టేవాడి మీద పడదు, పిల్లల మీద పడుతుంది.

1919 జనవరి 18న పారిస్‌లో సమావేశం మొదలైనప్పుడు అనుకున్న పద్ధతి వేరు. ముందు గెలిచినవాళ్లు తమలో తాము ఒక ముసాయిదా తయారుచేసుకోవాలి, తర్వాత జర్మనీని పిలిచి బేరం ఆడాలి. ఈ ఉద్దేశంతోనే ఒక్కో అంశానికి ఒక్కో సంఘం వేశారు: సరిహద్దులకు కొన్ని, రేవులకూ రైళ్లకూ ఒకటి, పరిహారాలకు ఒకటి. ప్రతి సంఘమూ బేరానికి కొంత ఎక్కువే రాసుకుంది, ఎలాగూ తగ్గుతుంది కదా అని. ఆ బేరం జరగనే లేదు. నాలుగు పెద్ద దేశాల మధ్య కుదిరిన సర్దుబాటు ఎంత పెళుసుగా ఉందంటే, జర్మనీని గదిలోకి పిలిస్తే మళ్లీ మొదటికొస్తుందని భయపడ్డారు. తాత్కాలిక ముసాయిదా ఎవరూ ప్రకటించకుండానే తుది పాఠం అయిపోయింది. 15 భాగాలు, 440 అధికరణాలు. ముద్రించి మే 7న జర్మన్ల చేతిలో పెట్టేనాటికి దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున చదివినవాళ్లు గెలిచిన పక్షంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఒక్కో అధికరణం విడిగా సమర్థించదగిందే కావచ్చు. అన్నీ ఒకే దేశం మీద ఒకేసారి పడితే ఎలా ఉంటుందో కూడి చూసినవాడు లేడు. జవాబు రాతపూర్వకంగానే ఇవ్వమన్నారు. మే 29న జర్మన్లు ఎదురు ప్రతిపాదనలిచ్చారు, జూన్ 16న మిత్రరాజ్యాల సమాధానం వచ్చింది, జర్మనీ, పోలండ్ రెండూ తమదనే గనుల ప్రాంతం ఎగువ సైలీషియాలో ప్రజాభిప్రాయ సేకరణ తప్ప చెప్పుకోదగ్గ మార్పు లేదు. జూన్ 28న సంతకాలు. సంతకం చేసిన దేశాల్లో భారత్ కూడా ఉంది. స్వపరిపాలన లేని దేశం తరఫున బ్రిటిష్ మంత్రి మాంటేగు, బికనీర్ మహారాజా గంగాసింగ్ సంతకం పెట్టారు.

ఇప్పుడు డబ్బు. 231వ అధికరణాన్ని మన పుస్తకాలు "యుద్ధ నేర నిబంధన" అంటాయి. నేరం అన్న మాట అందులో లేదు. జర్మనీ, దాని మిత్రుల దురాక్రమణ వల్ల తమ మీద పడిన యుద్ధం మూలంగా జరిగిన నష్టానికి జర్మనీ బాధ్యత వహిస్తుందని మిత్రరాజ్యాలు అంటున్నాయి, జర్మనీ ఒప్పుకుంటోంది, అంతవరకే. ఆస్ట్రియా సంధిలో 177, హంగరీ సంధిలో 161వ అధికరణం ఇదే వాక్యం. అక్కడ దాని మీద ఇంత గొడవ జరగలేదు. దాని వెంటనే వచ్చే 232వ అధికరణాన్ని మాత్రం ఎవరూ ఉటంకించరు. ఈ నష్టమంతా పూడ్చడానికి జర్మనీ వనరులు చాలవని మిత్రరాజ్యాలు గుర్తిస్తున్నాయి, కాబట్టి పౌర నష్టం వరకే కట్టాలి అని అందులో ఉంది. సిద్ధాంతానికి మొత్తం బాకీ, ఆచరణకి కొంత: ఇదీ ఆ జంట వాక్యాల ఎత్తు. అమెరికా యువ న్యాయవాది జాన్ ఫాస్టర్ డలెస్ చేయి ఇందులో ఉంది. స్వదేశంలో ఓటర్లకు మొదటి వాక్యం చూపొచ్చు, లెక్కలు తెలిసినవాళ్లకు రెండోది. లాయర్ల భాషలో ముద్దుగానే ఉంది. జర్మన్ ఓటరుకి మాత్రం మొదటి వాక్యమే చేరింది.

అంకె మాత్రం ఖాళీగా వదిలేశారు. 1921 మే 1లోగా 2,000 కోట్ల బంగారు మార్కుల విలువ ముందస్తుగా కట్టాలి, మొత్తం ఎంతన్నది పరిహారాల సంఘం అదే తేదీలోగా తేలుస్తుంది. సంధి పత్రంలో ఇంతకన్నా ప్రమాదకరమైన ఖాళీ ఉండదు. రెండేళ్లు బాకీ ఎంతో తెలియని దేశానికి అప్పు ఎవరిస్తారు? పన్నులు పెంచి బడ్జెట్ సరిచేసుకోవాలని ఏ ఆర్థిక మంత్రికి అనిపిస్తుంది, స్తోమత పెరిగితే బాకీ పెరుగుతుందని తెలిసినప్పుడు? జర్మన్ ఎదురు ప్రతిపాదనలోనే 10,000 కోట్ల మార్కుల ఆఫర్ ఉంది, వడ్డీ లేకుండా, వేరే షరతులతో. దాని అసలు విలువ చాలా తక్కువే. అయినా బేరం మొదలుపెట్టడానికి అదొక అంకె. అప్పుడే పట్టుకుని ఉంటే కథ వేరేగా ఉండేదని నా ఊహ.

1921 మేలో లండన్‌లో తేల్చిన అంకె 13,200 కోట్ల బంగారు మార్కులు. పుస్తకాల్లో ఉండేది ఇదే. ఆ పత్రంలోకి దిగితే మూడు రకాల బాండ్లున్నాయి. ఏ రకం 1,200 కోట్లు, బీ రకం 3,800 కోట్లు, సీ రకం 8,200 కోట్లు. సీ బాండ్లు జర్మనీకి కట్టే శక్తి వచ్చిందని సంఘం నమ్మినప్పుడే జారీ అవుతాయి, అంటే ఎప్పటికీ కావని రాసినవాళ్లకు తెలుసు. నిజమైన బాకీ 5,000 కోట్లు. మిగతాది ఫ్రాన్స్, బ్రిటన్ ఓటర్లకు చూపించడానికి పెట్టిన బొమ్మ అంకె. ఆ బొమ్మను అక్కడి ఓటర్లు నమ్మారో లేదో గానీ జర్మన్ ఓటర్లు పూర్తిగా నమ్మారు. రోడ్డు మీద కరపత్రాలు పంచేవాడికి 5,000 కోట్ల కన్నా 13,200 కోట్లు ఎంతో పనికొస్తుంది.

వసూలు ఎలా చెడిందో దగ్గర్నుంచి చూడాలంటే టెలిగ్రాఫ్ స్తంభాలు చూడాలి. పరిహారంలో కొంత సరుకు రూపంలో, బొగ్గు, కలప. 1922లో ఫ్రాన్స్‌కి రావాల్సిన కలపలో, టెలిగ్రాఫ్ స్తంభాల్లో పెద్ద భాగం రాలేదు. డిసెంబర్ 26న సంఘం ఓటు వేసి బాకీ ఎగవేతగా ప్రకటించింది, ముగ్గురు అవును, బ్రిటన్ కాదు. జనవరి 9న బొగ్గు విషయంలో మళ్లీ అలాగే, 11న ఫ్రెంచ్, బెల్జియన్ సైన్యాలు జర్మనీ బొగ్గు గనుల ప్రాంతం రూర్‌లోకి. కొన్ని దుంగల కోసం యుద్ధమా అని అప్పుడూ నవ్వారు, ఇప్పుడూ నవ్వుతారు. కానీ చిన్న షరతు ఉల్లంఘనకు తగ్గ చిన్న జరిమానా పత్రంలో లేదు. యుద్ధవిరామంలో వ్యాగన్లు ఆలస్యమైతే చివరికి వ్యవసాయ యంత్రాలు తీసుకున్నారు. ఇక్కడ ఊరుకోవడం, లేదంటే సైన్యంతో దిగడం, మధ్యలో లెక్కకట్టి పెట్టిన మెట్టు లేదు. దిగారు. కార్మికులు పని ఆపారు, ప్రభుత్వం నోట్లు గుద్ది వాళ్లకి జీతాలిచ్చింది, 1923 నవంబర్ నాటికి డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు. 1924లో పరిహారాల వాయిదాలను తిరగరాసిన డాస్ ప్రణాళిక మొదటి ఏడు 100 కోట్లు, ఐదో ఏటికి 250 కోట్లు అని మెట్లు కట్టింది, 80 కోట్ల మార్కుల అప్పు ఇప్పించింది. మెట్లు కట్టాక ఆ ఐదేళ్లూ చెల్లింపులు సవ్యంగా నడిచాయి.

ఫ్రాంక్‌ఫర్ట్ సంధి 7వ అధికరణం దీని పక్కన పెట్టండి. పారిస్‌లో ప్రభుత్వ అధికారం నిలదొక్కుకున్న 30 రోజుల్లో 50 కోట్ల ఫ్రాంకులు, 1871లో 100 కోట్లు, 1872 మే 1న 50 కోట్లు, మిగిలిన 300 కోట్లు 1874 మార్చి 2న, 5 శాతం వడ్డీతో. ఏ నాణెంలో, ఏ బ్యాంకు నోట్లలో, ఎలాంటి హుండీల్లో కట్టాలో అక్కడే రాశారు. వాయిదా పడిన కొద్దీ జిల్లాలు ఖాళీ అవుతాయి. అందువల్ల ఫ్రెంచ్ పౌరుడికి ప్రభుత్వ బాండు కొనడమంటే తన ఊళ్లోంచి శత్రు సైనికుణ్ణి పంపించేయడమే. 1872 బాండ్లకు అడిగిన దానికన్నా పది రెట్ల పైగా దరఖాస్తులొచ్చాయి. 1873 సెప్టెంబర్‌లో చివరి వాయిదా, చివరి జర్మన్ దళం రెండూ వెళ్లిపోయాయి. 1871లో ఫ్రాన్స్ ఆర్థికంగా చితికిపోలేదు, 1919లో యూరప్ అంతా చితికింది, ఈ పోలికకు ఆ పరిమితి ఉంది. డబ్బు సరిహద్దు దాటించాలంటే అమ్మిన సరుకు కొనేవాడు ఉండాలి, 1920లలో అంత జర్మన్ సరుకు కొనడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అయినా రాత పద్ధతి రాత పద్ధతే.

వెర్సాయ్‌లో కూడా సైన్యం గట్టు మీద ఉంది. తప్పు దాని గడియారంలో ఉంది. రైన్ ప్రాంతం మూడు భాగాలు, 5 ఏళ్లకు ఒకటి, 10 ఏళ్లకు ఒకటి, 15 ఏళ్లకు ఒకటి ఖాళీ చేయాలి. బాకీ గడియారం మాత్రం దశాబ్దాల తరబడి తిరుగుతుంది. తాకట్టు వస్తువు 15 ఏళ్లలో తిరిగిచ్చేసి అప్పు ఇంకో తరం దాకా వసూలు చేసుకునే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? పైగా అది కూడా పూర్తికాలం ఉంచలేదు. 1929లో పరిహారాలను మళ్లీ సర్దిన యంగ్ ప్రణాళికకు జర్మనీ ఒప్పుకున్నందుకు బదులుగా, ఐదేళ్ల ముందే 1930 జూన్ 30కి చివరి దళాన్ని తీసేశారు. ఆ ప్రణాళిక 1988 దాకా వాయిదాలు రాసుకుంది. ఏడాది తిరిగేసరికి ఆర్థిక మాంద్యంలో అమెరికా అధ్యక్షుడు హూవర్ ప్రకటించిన చెల్లింపుల విరామం, 1932లో లోజాన్ సమావేశం, పరిహారాల కథ ముగిసింది. మాంద్యం రాకపోతే ఏమయ్యేదో చెప్పలేం. కానీ మాంద్యం వచ్చేనాటికి చేతిలో ఏమీ లేదు.

ఫ్రాన్స్ ఇలా ఎందుకు ఒప్పుకుంది? రైన్ ఎడమ గట్టును జర్మనీ నుంచి శాశ్వతంగా విడదీయాలన్నది మొదట ఫ్రెంచ్ వాళ్ల పట్టు. విల్సన్, బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ ఒప్పుకోలేదు. బదులుగా, జర్మనీ దాడి చేస్తే ఇద్దరం వస్తామని హామీ ఒప్పందాలు ఇచ్చారు. వాటి మీద కూడా 1919 జూన్ 28నే సంతకాలయ్యాయి. బ్రిటన్ హామీ అమెరికా ధ్రువీకరిస్తేనే చెల్లుతుందని అందులో ఉంది. అమెరికా సెనేట్ హామీ ఒప్పందాన్ని ఓటుకే పెట్టలేదు, అసలు సంధిని 1919 నవంబర్‌లో, 1920 మార్చిలో రెండుసార్లు తిప్పికొట్టింది. దాంతో బ్రిటన్ హామీ కూడా పోయింది. ఫ్రెంచ్ ప్రధాని క్లెమెన్సో నదిని ఇచ్చి కాగితం తెచ్చుకున్నాడు, ఆ కాగితం కూడా చెల్లలేదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న మన సామెత ఫ్రాన్స్‌కి అచ్చంగా సరిపోతుంది.

సైనిక షరతుల్లో మాత్రం రాసినవాళ్ల నేర్పు ఒప్పుకోవాలి. సైన్యం 1,00,000, అందులో అధికారులు 4,000. సైనికుడు వరసగా 12 ఏళ్లు, కొత్త అధికారి 25 ఏళ్లు పనిచేయాలి, గడువుకి ముందు ఏడాదికి 5 శాతానికి మించి ఎవరినీ వదలకూడదు. ఈ 12, 5 అంకెలు ఎందుకంటే, లక్షమందిని ఏటా మార్చి శిక్షణ ఇస్తే పదేళ్లలో పదిలక్షల రిజర్వు తయారవుతుంది. 1807 తర్వాత నెపోలియన్ పెట్టిన పరిమితిని ప్రష్యా ఆ దారిలోనే దాటింది. పాత కన్నం పూడ్చారు. కొత్త కన్నాలు రష్యా వైపు తెరుచుకున్నాయి, లిపెట్‌స్క్‌లో విమాన శిక్షణ, కామాలో ట్యాంకులు. లెక్కపెట్టే నియంత్రణ సంఘం 1927 జనవరిలో ఇంటికెళ్లింది, షరతుకి మాత్రం కాలపరిమితి లేదు. శాశ్వత షరతు, తాత్కాలిక తనిఖీ. పైగా ఈ భాగం మొదట్లోనే, అన్ని దేశాల ఆయుధ పరిమితికి ఇది నాంది అని రాశారు. ఆ మాట నిలబెట్టుకోకపోవడం పదేళ్ల తర్వాత జర్మనీకి మంచి వాదన అయింది.

సరిహద్దుల దగ్గర మాత్రం పాఠం ఆశ్చర్యకరంగా స్పష్టం. జర్మనీ, డెన్మార్క్ సరిహద్దులోని ష్లెస్విగ్‌లో 109వ అధికరణం: సంధి అమల్లోకి వచ్చిన 10 రోజుల్లో జర్మన్ సైన్యం, అధికారులు ఖాళీ చేయాలి, ఐదుగురి అంతర్జాతీయ సంఘం వస్తుంది, మొదటి మండలంలో తర్వాత మూడు వారాల్లో ఓటు, ఫలితం మండలం మొత్తానికి ఒకటే. రెండో మండలంలో ఆ తర్వాత ఐదు వారాల్లోగా, ఊరి వారీగా లెక్క. 20 ఏళ్లు నిండిన ఆడా మగా, అక్కడ పుట్టినవాళ్లు లేదా 1900కి ముందు నుంచి ఉంటున్నవాళ్లు. 1920 జనవరి 10న సంధి అమల్లోకి వచ్చింది, ఫిబ్రవరి 10న మొదటి ఓటు, దాదాపు 75 శాతం డెన్మార్క్‌కి. మార్చి 14న రెండోది, దాదాపు 80 శాతం జర్మనీకి. ఆ గీత ఇప్పటికీ అక్కడే ఉంది. ఎగువ సైలీషియాలో లెక్క ఊరి వారీగానే అన్నారు, కానీ గీత గీసేటప్పుడు ఓట్లతోపాటు భౌగోళిక, ఆర్థిక పరిస్థితులు కూడా చూడాలని ఒక ముక్క కలిపారు. 1921 మార్చి 20న సుమారు 60:40 వచ్చింది. జర్మనీ మొత్తం తనదంది, పోలండ్ గనులున్న తూర్పు తనదంది, ఇద్దరికీ ఆ వాక్యంలో ఆధారం దొరికింది. మేలో తిరుగుబాటు, అక్టోబర్‌లో నానాజాతి సమితి విభజన, ఆ విభజన నడపడానికి 606 అధికరణాలతో మరో ఒప్పందం.

పత్రం బలం సంతకంలో లేదనడానికి టర్కీ సంధులను మించిన ఉదాహరణ లేదు. 1920 ఆగస్టు 10 నాటి సెవ్ర్ సంధిలో 433 అధికరణాలు. సుల్తాన్ ప్రతినిధులు సంతకం పెట్టారు, అంకారాలో అసలు సైన్యాన్ని నడుపుతున్నవాళ్లు పెట్టలేదు. అనటోలియా లోపల దాన్ని అమలు చేయడానికి గ్రీకు సైన్యం తప్ప ఎవరూ లేరు, అది 1922లో ఓడింది. 1923 జూలై 24న లోజాన్‌లో కుదిరింది 143 అధికరణాల పత్రం, నెలల తరబడి ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా లేచి వెళ్లిపోయి. యుద్ధ పరిహారాలు పరస్పరం మాఫీ, ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యం అప్పు విడిపోయిన దేశాల మధ్య పంపకం. ఇది నిలిచింది. నిలిచిందంటే మంచిదని కాదు. అక్కడే జనవరి 30న గ్రీసు, టర్కీ సంతకం పెట్టిన జనమార్పిడి ఒప్పందం సుమారు 12 లక్షలమంది ఆర్థడాక్స్ క్రైస్తవులనూ మూడున్నర లక్షలకు పైగా ముస్లింలనూ ఇష్టం ఉన్నా లేకున్నా మతాన్ని బట్టి అటూఇటూ చేసింది. అమలయ్యే షరతు న్యాయమైన షరతు కానక్కర్లేదు. నా వాదన అమలు గురించి, దాన్ని న్యాయం దాకా లాగితే తెగుతుంది.

సంధిని తర్వాత మార్చుకునే దారి మిగిలింది. నానాజాతి సమితి ఒడంబడిక 19వ అధికరణం, కాలం చెల్లిన సంధులను పునఃపరిశీలించమని సభ సభ్యులకు సలహా ఇవ్వొచ్చు అంటుంది. సలహా మాత్రమే, దానికీ ఏకాభిప్రాయం కావాలి. ఆ తలుపు గుండా సంధిని మార్చుకోగలిగినవాళ్లు ఎవరూ లేరు. రైన్ నిస్సైనిక ప్రాంతం గురించిన 44వ అధికరణం, ఉల్లంఘిస్తే అది శత్రుచర్య అంటుంది. ఎవరు కదలాలి, ఎన్ని రోజుల్లో, ఎంత సైన్యంతో అన్నది లేదు. 1936 మార్చి 7న జర్మన్ దళాలు వంతెనలు దాటాయి, ఎవరూ కదల్లేదు.

లోజాన్‌లో కూడా ఒక నిస్సైనిక ప్రాంతం ఉంది, డార్డనెల్స్, బాస్ఫరస్ జలసంధుల గట్లు. దాన్ని కాపాడే బాధ్యత బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్ అని పేర్లతో రాశారు. ఆ నలుగురూ కలిసి ఇక కాపాడలేరని తేలిపోయాక, అదే 1936 ఏప్రిల్‌లో టర్కీ సంతకందారులందరికీ లేఖ రాసింది: పరిస్థితి మారింది, కూర్చుని మార్చుకుందాం. జూన్ 22న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో సమావేశమయ్యారు, ఇటలీ రాలేదు, జూలై 20న సంతకాలు. గట్ల మీదికి సైన్యం సంతకం తర్వాత వెళ్లింది. ఆ పత్రంలో 28వ అధికరణం కాలపరిమితి 20 ఏళ్లంటుంది, 29వది ఐదేళ్లకోసారి సవరణ అడగొచ్చంటుంది. 19వది, టర్కీ తటస్థంగా ఉన్న యుద్ధంలో పోరాడుతున్న దేశాల యుద్ధనౌకలు దాటకూడదని. 2022 ఫిబ్రవరి 28న టర్కీ యుద్ధనౌకలకు జలసంధులు మూసింది ఆ అధికరణం పట్టుకునే.